నూట యాభై డాలర్లు మిగిలాయనుకున్న చలికాలం

చెల్లెమ్మా, న్యూజెర్సీలోని ఎడిసన్ ఊరికి వచ్చి మూడు నెలలైందని, మీ ఆయన ఒక్కరి జీతం మీద నలుగురు బతకాలని, నెలాఖరుకి ఏమీ మిగలడం లేదని రాశారు. ఏ షాపులో కందిపప్పు చవకో కూడా అడిగారు. ఓక్ ట్రీ రోడ్డులో ఈ షాపుకీ ఆ షాపుకీ పప్పు తేడా మహా అయితే ఒక డాలరు. ఆ డాలరు కోసం నేనూ తిరిగాను లెండి. 2007 నవంబరులో తెనాలి నుంచి దిగినప్పుడు డాలరు నలభై రూపాయలు. కొత్తిమీర కట్ట చేతిలోకి తీసుకుని, నలభైతో గుణించి, మళ్ళీ అక్కడే పెట్టేసి వచ్చేదాన్ని. ఇప్పుడు డాలరు ఎనభై అయిదు దాటింది. మీరూ అలా గుణిస్తూ కూర్చుంటే అన్నం సహించదు.

మేం మునిగింది కొత్తిమీర దగ్గర కాదు, అద్దె దగ్గర. రెండు అపార్ట్‌మెంట్లు చూశాం. ఒకటి పాత ఇటుకల బిల్డింగు, హీటూ వేడినీళ్ళూ అద్దెలోనే కలిపి. రెండోది కాస్త కొత్తది, పైగా అద్దె 150 తక్కువ. మా వారిని అడిగితే "నీ ఇష్టం" అన్నారు. నెలకి ఆరు వేలు, ఏడాదికి డెబ్బై రెండు వేల రూపాయలు మిగులు అని లెక్క కట్టి, మా అత్తగారికి గాజులు కూడా మనసులోనే చేయించేశాను. గోడల అడుగున పొడుగ్గా రేకు పెట్టెలు కనిపించాయి. అవేంటని కూడా అడగలేదు.

అవి కరెంటుతో నడిచే బేస్‌బోర్డ్ హీటర్లు. జనవరి బిల్లు 312 డాలర్లు వచ్చింది.

ఆ రోజే అన్ని గదుల్లో ఆపేసి హాల్లో ఒక్కటి మాత్రం ఉంచాను. ముగ్గురం అక్కడే పక్కలేసుకుని, మంకీ క్యాపులు పెట్టుకుని పడుకునేవాళ్ళం. పొద్దున లేచేసరికి పడగ్గది కిటికీ అద్దానికి లోపలివైపు మంచు పేరుకుని ఉండేది. మా వాడు దాని మీద గోరుతో ఏనుగులు గీసేవాడు. నాకు అదేదో ఘనకార్యంలా ఉండేది. ఫిబ్రవరి బిల్లు 140కి దించాను మరి!

ఆ నెలలోనే ఒక ఆదివారం రాత్రి పదకొండింటికి వాడు చెవి పట్టుకుని ఒకటే ఏడుపు. చలి వల్లేనని నేను. కాదు, జలుబు చెవికి దిగిందని డాక్టరు. పిల్లల డాక్టరుకి రాత్రిపూట కూడా ఫోన్ చేయొచ్చని గానీ, అర్జెంట్ కేర్ అని అప్పటికప్పుడు చూసే చిన్న క్లినిక్కు ఒకటుంటుందని గానీ మాకు తెలీదు. పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి పరుగెత్తాం. మూడు గంటలు కూర్చోబెట్టి, చెవిలో లైటేసి చూసి, గులాబీ రంగు యాంటీబయాటిక్ సిరప్పు రాసిచ్చారు. సిరప్పుకి పది డాలర్లు. నెల తర్వాత వచ్చిన ఆసుపత్రి బిల్లులో ఇన్సూరెన్స్ పోను మా వాటా 940. నెలకి 150 చొప్పున ఆరు నెలలు మిగిల్చినా అది తీరదు. అత్తగారి గాజులు ఆసుపత్రికే పోయాయి.

అక్కడితో అయితే ఫర్వాలేదు. ఆ 940ని క్రెడిట్ కార్డు మీద గీకి, నెలనెలా మినిమం కడుతూ పోయాం. కడుతున్నాం కదా, ఇంకేం భయం అనుకున్నా. ఎనిమిది నెలల తర్వాత స్టేట్‌మెంట్ తీరిగ్గా చూస్తే అసలు బాకీ పెద్దగా కదల్లేదు, వడ్డీ మాత్రం 20 శాతం పైన నడుస్తోంది. ఆసుపత్రి బిల్లింగు వాళ్ళకి ఫోన్ చేస్తే చాలాచోట్ల వడ్డీ లేకుండా వాయిదాలు ఇస్తారని పక్కింటి పంజాబీ ఆవిడ చెప్పింది, అంతా అయిపోయాక.

కాబట్టి ఇల్లు మారేటప్పుడు ముందు హీటు సంగతి అడగండి. పాత అద్దెవాళ్ళు దొరికితే వాళ్ళ జనవరి బిల్లు చూపించమనండి, మొహమాటం వద్దు. చలికాలంలో ఊరెళ్తూ హీటు పూర్తిగా ఆపేయకండి, గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టి పగిలితే ఆ ఖర్చు మీ మెడకే చుట్టుకోవచ్చు. న్యూజెర్సీలో అడ్వాన్సు నెలన్నర అద్దెకి మించి అడగకూడదు. మిగతా రూల్సు స్టేట్ వెబ్‌సైట్‌లో ఉన్నాయి, చూసుకోండి. మీ ఇన్సూరెన్సుకి చెల్లే పిల్లల డాక్టరు ఎవరో, దగ్గర్లో అర్జెంట్ కేర్ ఎక్కడుందో ఈ వారమే రాసి ఫ్రిజ్ మీద అతికించండి. నిజంగా ప్రాణం మీదకొస్తే మాత్రం డబ్బు చూడకండి, 911 కొట్టండి.

వంటింట్లో చెప్పేంత లేదు. గ్యాలన్ పాలు కొని పెరుగు ఇంట్లో తోడేసుకోండి. ఇడ్లీ పిండి పులవకపోతే ఒవెన్‌లో పెట్టి లోపలి లైటు మాత్రం వేసి ఉంచండి, తెల్లారేసరికి పొంగుతుంది. పిండి లోపలుందన్న సంగతి మర్చిపోయి ఒవెన్ వెలిగిస్తే ప్లాస్టిక్ డబ్బా ఏమవుతుందో నన్నడగండి. కాస్ట్‌కో అనే టోకు షాపు కార్డు ఏడాదికి 65 డాలర్లు, పాలకీ నూనెకీ డైపర్లకీ గిట్టుబాటే. కానీ చవకని మూటలు మూటలు తేవద్దు. 2023 జులైలో ఇండియా నుంచి బియ్యం ఎగుమతి ఆపేశారనగానే, పదహారేళ్ళ అనుభవమున్న నేను కూడా లైన్లో నిలబడి ఎనిమిది మూటల సోనా మసూరి తెచ్చి గరాజ్‌లో పేర్చాను. ఎండలకి పురుగు పట్టి మూడు మూటలు పారబోశాం. పిల్లల చలికోట్లు మార్చిలో సగం ధరకి వస్తాయి, ఒక సైజు పెద్దవి కొనండి. ఇక్కడ బట్టల మీద సేల్స్ టాక్సు కూడా లేదు.

పగలంతా ఒక్కదాన్నే, ఏమీ తోచడం లేదని చివర్లో రాశారు. పిల్లల్ని తీసుకుని లైబ్రరీకి వెళ్ళండి. కార్డు ఊరికే ఇస్తారు, కథలు చదివి వినిపిస్తారు, హీటు వాళ్ళది.

ఇప్పుడు మాకు సొంతిల్లుంది, అప్పు కూడా దాదాపు తీరింది. మా వారు నిన్న రాత్రి కూడా హీటు థర్మోస్టాట్ 72 ఫారెన్‌హీట్ మీద పెట్టి పడుకున్నారు. మంచినీళ్ళకి లేచినప్పుడు నేను 68కి దించాను.