సైన్ వక్రం కింద సున్నా వస్తే ఎలక్ట్రికల్ వదిలేయాలా?

ప్రశ్న: ఇంజినీరింగ్‌లో ఎలక్ట్రికల్ బ్రాంచి తీసుకోవాలని ఉంది. ఇంటిగ్రేషన్ సూత్రాలన్నీ కంఠతా వచ్చు. కానీ మొన్న పరీక్షలో సైన్ ఎక్స్ వక్రానికీ ఎక్స్-అక్షానికీ మధ్య 0 నుంచి 2పై (2π) వరకు వైశాల్యం ఎంత అని అడిగితే నాకు సున్నా వచ్చింది. సరైన జవాబు 4 అట. ఇలాంటి లెక్కలు తరచూ తప్పుతున్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది. వేరే కోర్సు చూసుకోవడం మేలంటారా?

జవాబు: ముందు ఆ సున్నా సంగతి చూద్దాం, కోర్సు సంగతి దాంట్లోంచే తేలుతుంది. మీరు చేసిన ఇంటిగ్రేషన్‌లో తప్పు లేదు. అడిగింది ఒకటైతే మీరు ఇంకోటి లెక్కగట్టారు, అంతే.

సైన్ ఎక్స్‌ను ఇంటిగ్రేట్ చేస్తే మైనస్ కొసైన్ ఎక్స్. 0 నుంచి పై వరకు లిమిట్స్ వేస్తే 1 ప్లస్ 1, అంటే 2. పై దాటాక వక్రం అక్షం కిందికి దిగుతుంది కాబట్టి అక్కణ్నుంచి 2పై వరకు మైనస్ 2 వస్తుంది. రెండూ కలిపితే సున్నా. ఇలా లిమిట్స్ వేసి చేసే ఇంటిగ్రేషన్, అంటే నిశ్చిత సమాకలని, జమాఖర్చుల పుస్తకం లాంటిది. రెండు రూపాయలు వచ్చి రెండు రూపాయలు పోతే నిల్వ సున్నా. కానీ మొత్తం ఎంత డబ్బు చేతులు మారిందని అడిగితే 4 అని చెప్పాలి. వైశాల్యం అడిగారంటే ఈ రెండో ప్రశ్న అడిగినట్టే.

సూత్రాలు కంఠతా వచ్చని రాశారు, బొమ్మ గీస్తానని మాత్రం రాయలేదు. నా అనుమానమంతా అక్కడే. 0 నుంచి పై వరకు ఉన్న ఆ గోపురాన్ని కాగితం మీద గీయండి. దాని చుట్టూ దీర్ఘచతురస్రం గీస్తే వెడల్పు 3.14, ఎత్తు 1, వైశాల్యం 3.14. గోపురం లోపల పట్టేలా త్రిభుజం గీస్తే అందులో సగం, 1.57. జవాబు ఈ రెండింటి మధ్యే ఉండాలి. 2 సరిగ్గా ఇమిడింది కదా! ఇలా అరనిమిషం గీసి చూసుకుంటే పరీక్షలో సున్నా రాసేవారే కాదు.

ఇదే ఉచ్చు ఇంకో వేషంలోనూ వస్తుంది. సైన్, కొసైన్ వక్రాల మధ్య 0 నుంచి పై బై 2 వరకు వైశాల్యం కనుక్కోమంటే, నేరుగా తీసివేసి ఇంటిగ్రేట్ చేసేవాళ్లకు మళ్లీ సున్నాయే. పై బై 4 దగ్గర రెండు వక్రాలూ ఒకదాన్నొకటి దాటుతాయి. అక్కడ విడగొట్టి చేస్తే ఒక్కో ముక్క రూట్ 2 మైనస్ 1, మొత్తం సుమారు 0.828. అన్నట్టు, ఈ లెక్కలన్నిటిలో కోణం రేడియన్లలోనే ఉండాలి. కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉండిపోయి మార్కులు పోగొట్టుకునేవాళ్లు ఏటా ఉంటారు.

ఇక ఎలక్ట్రికల్ విషయానికొద్దాం. ఏసీ కరెంటు సైన్ వక్రమే. పూర్తి ఆవృత్తికి సగటు తీస్తే సున్నా, అచ్చం మీ జవాబే. మరి హీటర్ ఎలా వేడెక్కుతోంది? వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది, వర్గానికి మైనస్ ఉండదు. సైన్ స్క్వేర్ ఎక్స్‌ను 1 మైనస్ కొసైన్ 2ఎక్స్, బై 2గా మార్చి 0 నుంచి 2పై వరకు ఇంటిగ్రేట్ చేస్తే పై వస్తుంది. దాన్ని 2పైతో భాగిస్తే సగటు సగం. వర్గమూలం తీస్తే శిఖరంలో 0.707 వంతు. దీన్నే ఆర్‌ఎంఎస్ (రూట్ మీన్ స్క్వేర్) అంటారు. 230 వోల్టుల సరఫరా అన్నప్పుడు చెప్పేది ఈ విలువే, అసలు శిఖరం సుమారు 325 వోల్టులు. ఏసీని డయోడ్లతో ఫుల్‌వేవ్ రెక్టిఫై చేస్తే కింది గోపురాలు పైకి తిరుగుతాయి. అప్పుడు సగటు శిఖరంలో 2 బై పై వంతు, సుమారు 0.637. అంటే పరీక్షలో మీ చేత 4 రాయించాల్సిన ఆలోచనే సర్క్యూట్‌లో రెక్టిఫైయర్ చేసే పని.

ఉద్యోగంలో చేత్తో ఇంటిగ్రేట్ చేయమని మిమ్మల్నెవరూ అడగరు, సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది. నికర విలువ కావాలా, మొత్తం పరిమాణం కావాలా, వర్గం సగటు కావాలా అన్నది తేల్చుకోవాల్సింది మీరు. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సంఖ్యను నమ్మాలో లేదో చూడ్డానికీ కచ్చితమైన జవాబు అక్కరకొస్తుంది. ఆ గోపురాన్ని 10 పట్టీలుగా కోసి ట్రెపిజాయిడ్ పద్ధతిలో లెక్కిస్తే 1.9835 వస్తుంది. అసలు జవాబు 2 అని తెలిసినవాళ్లే అందులో ఎంత తేడా ఉందో చెప్పగలరు.

కాబట్టి ఒక్క ప్రశ్న తప్పిందని బ్రాంచి మార్చుకోవద్దు. అయితే ఒకటి. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ రెండింటిలోనూ ఫోరియర్ శ్రేణి, అంటే సిగ్నల్‌ను సైన్, కొసైన్ తరంగాల మొత్తంగా రాసే పద్ధతి, ఎదురవుతుంది. సిగ్నల్‌ను సైన్‌తో, కొసైన్‌తో గుణించి ఇలాంటి సమాకలనులే వరసగా కట్టాలి. బొమ్మ గీసి చేస్తున్నప్పుడు మీకు సరదాగా ఉంటే నిశ్చింతగా చేరండి. బొమ్మ గీసినా విసుగే అనిపిస్తే మాత్రం అప్పుడు వేరే కోర్సుల గురించి మాట్లాడుకుందాం.

తేల్చుకోవడానికి ఇవాళే ఒకటి చేసి చూడండి: కొసైన్ ఎక్స్, 0 నుంచి 3పై బై 2 వరకు. నేరుగా చేస్తే మైనస్ 1 వస్తుంది, వైశాల్యం మాత్రం 3. ఎక్కడ విడగొట్టాలో బొమ్మలోనే కనిపిస్తుంది.