టోక్యోలో ఎస్కలేటర్ మీద ఏ వైపు నిలబడాలి?

టోక్యోలో ఎడమవైపు నిలబడతారు. ఒసాకాలో మాత్రం కుడివైపు. తొందరలో ఉన్నవాళ్లు నడిచి వెళ్లేందుకు రెండో వైపు ఖాళీగా వదిలేయడం అక్కడ ఏళ్లుగా పాతుకుపోయిన అలవాటు. ఏ వైపో తోచకపోతే ముందున్నవాళ్ల వెనకే నిలబడితే చాలు, టెన్షన్ అక్కర్లేదు.

చాలామంది ఇది చట్టం అనుకుంటారు. కాదు, పైగా రూల్స్ దీనికి ఎదురుగానే ఉన్నాయి. మెట్ల మీద నడిస్తే పడిపోయే ప్రమాదం ఉందని రైల్వే సంస్థలే రెండు వైపులా కదలకుండా నిలబడమని కోరుతున్నాయి. ఉదాహరణకు, టోక్యో పక్కనున్న సైతామాలో 2021 అక్టోబరు నుంచి ఎస్కలేటర్ మీద నడవకూడదన్న నిబంధన ఉంది, జరిమానా మాత్రం లేదు. ఒక చేయి పనిచేయని వాళ్లకు రెండో వైపు కమ్మీయే ఆధారం. అలాంటివాళ్లు అడ్డుగా కనిపించినా దయచేసి జరగమని అడగకండి.