రిస్క్ ఇంటర్న్‌షిప్ సరే, లంచ్ ఎవరితో తింటావు?

ప్రశ్న: అక్కా, నేను అమెరికాలో ఎంఎస్ ఫైనాన్స్ మొదటి ఏడాది పూర్తి చేస్తున్నాను. ఒక బ్యాంకులో మోడల్ రిస్క్ టీమ్‌లో, అంటే బ్యాంకు వాడే లెక్కల మోడళ్ళలో తప్పులు వెతికే టీమ్‌లో, పది వారాల సమ్మర్ ఇంటర్న్‌షిప్ వచ్చింది. వెళ్ళేలోపు ఏం చదువుకోవాలి? పైథాన్ సరిపోతుందా, సాస్ (SAS) అనే డేటా సాఫ్ట్‌వేర్ కూడా నేర్చుకోవాలా? చివర్లో ఫుల్‌టైమ్ ఆఫర్ రావాలంటే ఏం చెయ్యాలి?

జవాబు: తమ్ముడూ, ముందుగా శుభాకాంక్షలు. సాస్ గురించి బెంగ పెట్టుకోకు. అక్కడ ఏది వాడుతుంటే అది వారంలో వచ్చేస్తుంది. డేటాబేస్ నుంచి డేటా లాగే భాష ఎస్‌క్యూఎల్‌లో మాత్రం చెయ్యి తిరిగి ఉండాలి. పది వారాల్లో సగం రోజులు డేటా లాగడానికే పోతాయి. ఇక నువ్వు అడగని ప్రశ్న ఒకటుంది. నేను దానికే జవాబు రాస్తాను. మధ్యాహ్నం పన్నెండింటికి నువ్వు ఎక్కడ కూర్చుంటావు?

నవ్వకు. నేను ఇంటర్న్‌గా వెళ్ళింది 2012 వేసవిలో. అంతకు ముందు ఏడాది, 2011 ఏప్రిల్‌లో, అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్, అక్కడి బ్యాంకుల్ని పర్యవేక్షించే ఓసీసీ కలిసి ఎస్‌ఆర్ 11-7 అని మోడల్ రిస్క్ మీద మార్గదర్శకాలు ఇచ్చాయి. మోడల్ కట్టినవాళ్ళే దాన్ని బాగుందని చెప్పుకుంటే చాలదు, కట్టనివాళ్ళెవరైనా నిలదీయాలి అన్నది అందులో అసలు సంగతి. దాంతో నిలదీసేవాళ్ళ కోసం బ్యాంకులు వెతుక్కున్నాయి. లెక్కలొచ్చిన మనలాంటివాళ్ళకి గిరాకీ పెరిగింది. అలా తూర్పు తీరంలో ఒక పెద్ద బ్యాంకులో నాకు సీటు దొరికింది. ఆ ఏడాది మా క్లాసులో రిస్క్‌లో ఇంటర్న్‌షిప్ దొరికింది నాకొక్కదానికే. ఇప్పటికీ చెప్పుకోవడం బావుంటుంది.

నాకిచ్చిన పని ఇళ్ళ అప్పుల పీడీ మోడల్‌ని, అంటే అప్పు ఎగ్గొట్టే అవకాశం ఎంతో లెక్కగట్టే మోడల్‌ని, పరీక్షించడం. ఎంతమంది ఎగ్గొడతారు, ఎగ్గొడితే ఎంత పోతుంది, అప్పటికి బాకీ ఎంత ఉంటుంది, ఈ మూడూ హెచ్చిస్తే వచ్చేది ఎక్స్‌పెక్టెడ్ లాస్. రెండు లక్షల డాలర్ల అప్పు, 2 శాతం ఎగవేత, 40 శాతం నష్టం అనుకుంటే 1,600 డాలర్లు. ఇంటర్వ్యూలో నిన్నూ అడిగే ఉంటారు. ఈ ఫార్ములా ఎవరికైనా అయిదు నిమిషాల్లో అర్థమవుతుంది. అందులోకి వెళ్ళే అంకెలు ఎక్కడినుంచి వచ్చాయో అర్థం కావడానికి మనుషులు కావాలి. నాకు ఆ ముక్క తెలియడానికి ఎనిమిది వారాలు పట్టింది.

రెండో వారంలో డిఫాల్ట్ రేటు, అంటే ఎగవేతల శాతం, గ్రాఫ్ గీశాను. 2009 మూడో క్వార్టర్ దగ్గర గీత ఒక్కసారిగా కిందికి దిగి, తర్వాతి క్వార్టర్‌లో మళ్ళీ లేచింది. నోట్లో పన్ను ఊడినట్టు అక్కడొక సందు. పక్క సీట్లో ఒకావిడ కూర్చునేది, ఆ బ్యాంకులో పదిహేనేళ్ళ నుంచి ఉంది. మా ఇద్దరి మధ్యా నడుమెత్తు పార్టిషన్ తప్ప ఏమీ లేదు. లేచి నిలబడి "దీన్నొకసారి చూస్తారా" అంటే సరిపోయేది. నేను అనలేదు. నా ఇంగ్లీష్ యాస ఆవిడకి అర్థం కాదేమోనని ఒక భయం, ఇంత చిన్న విషయం కూడా తెలియదా అనుకుంటుందేమోనని ఇంకో భయం. మొదటి బెంచీలో కూర్చుని పెరిగినవాళ్ళ రోగం ఇది. తెలియనిది బయటపడకూడదని చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నాం కదా.

అందుకని రెండు వారాలు సొంతంగా కుస్తీ పట్టాను. అప్పుల్ని రాష్ట్రాలవారీగా విడగొట్టాను, ఇచ్చిన ఏడాదినిబట్టి విడగొట్టాను. రాత్రి తొమ్మిదింటిదాకా ఆఫీసులోనే ఉండేదాన్ని. చివరికి ఒక కథ అల్లాను. 2009లో మొదటిసారి ఇల్లు కొనేవాళ్ళకి ప్రభుత్వం 8,000 డాలర్లదాకా పన్ను రాయితీ ఇచ్చింది, దానివల్ల మార్కెట్ కాస్త కోలుకుని ఎగవేతలు తగ్గాయి అని. స్లైడ్ మీద బాణం గుర్తు కూడా పెట్టాను.

ఎనిమిదో వారంలో ప్రెజెంటేషన్. మా డైరెక్టర్ ఆ బాణం దగ్గర ఆపి, "ఆ అక్టోబరుకి నిరుద్యోగం 10 శాతానికి చేరింది. అలాంటప్పుడు జనం బుద్ధిగా వాయిదాలు కట్టారంటావా?" అన్నాడు. నాకు గొంతు పెగల్లేదు. అప్పుడు మా పక్క సీటావిడ, నన్ను తక్కువ చేసే ఉద్దేశమేమీ లేకుండా, "అవి అమ్మేసిన అప్పులు. ఆ క్వార్టర్‌లో ఒక బ్యాచ్ బయటివాళ్ళకి అమ్మాం. అమ్మగానే బ్యాలన్స్ సున్నా పడుతుంది. పక్క కాలమ్‌లో 7 ఉంటుంది చూడు" అంది. కాలమ్ నేను చూశాను. 7 అంటే ఏమిటో ఏ డాక్యుమెంట్‌లోనూ లేదు. సున్నా అంటే తీర్చేశారని నాకు నేనే రాసేసుకున్నాను. తీర్చడం కాదు కదా, వాటిలో చాలావాటికి అప్పటికే రెండు వాయిదాలు తప్పాయి. డిఫాల్ట్‌గా లెక్కకెక్కేలోపే చేతులు మారాయి, అంతే. ఈ సంగతి ఆ ఫ్లోర్ మీద అందరికీ తెలుసు. రోజూ పన్నెండింటికి కింద క్యాంటీన్‌లో గుండ్రటి బల్ల చుట్టూ కూర్చుని ఇలాంటివే చెప్పుకునేవాళ్ళట. నేను ఆ టైమ్‌లో డబ్బా తెరిచి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మానిటర్ ముందు తినేదాన్ని.

అదే వేసవిలో జేపీ మోర్గాన్ బ్యాంకు లండన్ ఆఫీసులో డెరివేటివ్స్ (వేరేవాటి ధరల మీద ఆధారపడే ఒప్పందాలు) నష్టం బయటపడింది. తేలిన లెక్క 6 బిలియన్ డాలర్ల పైనే. రిస్క్‌లో పనిచేసేవాళ్ళకి అంతకంటే పెద్ద పాఠం ఏముంటుంది? ఎంత నష్టం రావచ్చో అంచనా వేసే వాళ్ళ వ్యాల్యూ ఎట్ రిస్క్ మోడల్ ఒక స్ప్రెడ్‌షీట్ మీద నడిచిందనీ, అందులో సగటుతో భాగించాల్సిన చోట మొత్తంతో భాగించారనీ, దాంతో రిస్క్ తక్కువ కనిపించిందనీ 2013లో ఆ బ్యాంకు సొంత నివేదికే చెప్పింది. మా ఫ్లోర్ మీద ఆ రెండు నెలలూ ఇదే గోల. నేను ఆ నివేదిక వచ్చాక కాలేజీ లైబ్రరీలో ఒక్కదాన్నే కూర్చుని చదువుకున్నాను.

శనాదివారాలు ఇంకా ఘోరం. సబ్‌లీజ్‌కి తీసుకున్న గది, ఊళ్ళో తెలిసినవాళ్ళు లేరు. ఇంటికి ఫోన్ చేస్తే "అంతా బ్రహ్మాండం" అని అయిదు నిమిషాల్లో పెట్టేసేదాన్ని. ఒక సోమవారం పొద్దున లిఫ్ట్‌లో గుడ్ మార్నింగ్ చెప్పబోతే గొంతు బొంగురుగా వచ్చింది. జలుబేమో అనుకున్నాను. తర్వాత లెక్కేసుకుంటే శనివారం ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి నేను పైకి మాట్లాడిన మొదటి మాట అదే. మీ తరానికి ఈ బాధ లేదని నాకు చెప్పకు. గదికి డిపాజిట్ ఎంతో గ్రూపులో రాత్రి రెండింటికి కూడా అడుగుతారు. పక్క కుర్చీలో మనిషిని అడగాలంటే మాత్రం మీకూ నోరు పెగలదు. ఏటా నా దగ్గరికి ఇద్దరు ముగ్గురు ఇంటర్న్‌లు వస్తారు, చూస్తూనే ఉన్నాను.

నాకు ఫుల్‌టైమ్ ఆఫర్ రాలేదు. రివ్యూలో "పని బాగుంది, మాతో కలిసి చేసినట్టు లేదు" అని రాశారు. కోపం వచ్చింది కానీ అబద్ధం కాదు. మిగిలిన రెండు వారాలూ సిగ్గు విడిచి ఆ బల్ల దగ్గరికి వెళ్ళాను. తర్వాతి వసంతంలో ఇంకో బ్యాంకులో ఖాళీ ఉందని మెయిల్ పెట్టింది మా పక్క సీటావిడే. అక్కడ మొదలుపెట్టి ఇక్కడిదాకా వచ్చాను.

రూల్స్ సంగతి క్లుప్తంగా. సీపీటీ (చదువుతుండగానే పనిచేయడానికి అనుమతి) ముద్రపడిన ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి పత్రం) చేతికి రాకుండా మొదటిరోజు ఆఫీసులో అడుగు పెట్టకు. మిగతాది మీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్‌ఓ చెప్తారు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద మొదటి అయిదు క్యాలెండర్ ఏళ్ళలో ఉన్నవాళ్ళకి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు మామూలుగా పడకూడదు. పే స్టబ్‌లో 6.2, 1.45 శాతాలు కనిపిస్తే పేరోల్ వాళ్ళని అడుగు. ఎస్‌ఆర్ 11-7 ఇరవై పేజీలు, ఒక సాయంత్రం పని. ఇప్పుడు ఏవి అమల్లో ఉన్నాయో ఫెడ్ సైట్‌లో చూసుకో.

ఇక ఆ బల్ల దగ్గర ఏం మాట్లాడాలి అంటావేమో. 2023 మార్చి 9న సిలికాన్ వ్యాలీ బ్యాంక్ నుంచి ఒక్క రోజులో 42 బిలియన్ డాలర్లు తీసేసుకోబోయారు, మర్నాడు బ్యాంకు మూతపడింది. ఆ రెండు రోజులూ మీరేం చేస్తున్నారని ఎవరినైనా అడుగు. లిక్విడిటీ రిస్క్‌వాళ్ళు, అంటే బ్యాంకు చేతిలో నగదు చాలకపోయే ముప్పు చూసేవాళ్ళు, దొరికితే అరగంట నువ్వు నోరు విప్పక్కర్లేదు. పని గురించి అడగాల్సి వస్తే ఉత్త చేతులతో వెళ్ళకు. గ్రాఫ్ ప్రింట్ తీసుకుని, "నేను దీన్ని ఇలా అర్థం చేసుకున్నాను, ఎక్కడ తప్పు?" అను. అసలు మనకి జీతమిచ్చేదే ప్రశ్నలు అడగడానికి.

మొదటి సోమవారం పన్నెండుకి అయిదు నిమిషాలుండగా లే. డబ్బా చేతిలో పట్టుకో, ఇయర్‌ఫోన్స్ సొరుగులో పడెయ్యి. ఆ రోజు ఎవరి పక్కన కూర్చున్నావో సాయంత్రం నాకు రాయి.