వక్త చెప్పిన మాటకు ఆధారమెంత?

ప్రశ్న: కళ్యాణదుర్గం దగ్గర మా ఊళ్లో ఈ మధ్య నీటి పొదుపు మీద ఒక సభ జరిగింది. వక్త చక్కగా మాట్లాడారు. ఆయన చెప్పినవాటిలో మూడు మాటలు నాకు గుర్తుండిపోయాయి. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన కురిసేది అనంతపురం జిల్లాలోనే అన్నది మొదటిది. టెంకాయ పట్టి బోరు పాయింట్ చూపే ఒక పెద్దాయన వంద చోట్ల చూపిస్తే తొంభై చోట్ల నీళ్లు పడ్డాయన్నది రెండోది. పక్క ఊళ్లో 2020లో చెక్‌డ్యామ్ కడితే రెండేళ్లు తిరగకుండానే ఎండిన బోర్లు మళ్లీ పోశాయన్నది మూడోది. నీళ్లు కాపాడుకోవాలన్న ఆయన ఉద్దేశంతో నాకు పేచీ లేదు, కానీ వింటున్నంతసేపూ ఏదో అనుమానం. ఒక మాటకు తగిన ఆధారం ఉందో లేదో వింటూనే ఎట్లా తేల్చుకోవాలి?
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: వింటూనే తేల్చుకోవడం చాలాసార్లు సాధ్యం కాదు. ఆ మాట నిజం కావాలంటే ఏమేమి చూసి ఉండాలో మాత్రం వింటూనే ఆలోచించవచ్చు. మీరు రాసిన మూడు మాటలకూ మూడు వేర్వేరు రకాల ఆధారాలు కావాలి.

మొదటి మాటను మన జిల్లాలో వినని వారుండరు. అది సరిచూడటానికి అన్నిటికన్నా సులువైన మాట, అయినా సరిచూసినవారు తక్కువ. ‘రెండో స్థానం’ అన్నారంటే దేశంలోని జిల్లాలన్నిటినీ వరుసలో పెట్టి చూశారని అర్థం. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. రాజస్థాన్‌లో జైసల్మేర్ ఒక్కటే ఎడారి జిల్లా కాదు; బాడ్మేర్, బికనేర్, శ్రీగంగానగర్‌లలో సగటు 300 మిల్లీమీటర్లకు లోపే ఉంటుంది. హిమాలయాల ఆవల ఉన్న లేహ్‌లో 100 మిల్లీమీటర్లు కురవడమే ఎక్కువ. గుజరాత్‌లోని కచ్ కూడా మనకన్నా పొడి ప్రాంతమే. ఇన్ని ఉండగా రెండో స్థానం మనకు దక్కదు. ఆంధ్రప్రదేశ్‌లో అతి తక్కువ వాన మన జిల్లాలోనే అన్నంతవరకు చెబితే ఆ మాట నిలుస్తుంది.

మరి ఇంతమంది ఎందుకు అంటారని మీరు అడగవచ్చు. ఒకరి ప్రసంగంలో విన్నది ఇంకొకరు చెబుతారు, దాన్ని విన్నవారు వ్యాసంలో రాస్తారు, ఆ వ్యాసం చదివి మరొకరు వేదికెక్కుతారు. ఆ పదిమందీ చెప్పింది పది సాక్ష్యాల కిందికి రాదు, ఒకే మాట పదిసార్లు తిరిగినట్టే. అందుకే ‘అందరూ అంటున్నదే కదా’ అనుకునే చోట మొదట లెక్క తీసినదెవరు, ఏ ఏళ్ల సగటు, ఏ హద్దులకు అని అడగాలి. జిల్లా 2022 ఏప్రిల్‌లో రెండుగా విడిపోయింది కనుక ఈ హద్దుల ప్రశ్న ఇప్పుడు మరీ అవసరం. ఇంకొక సంగతి కూడా ఉంది. అనంతపురం కష్టం వాన మొత్తంలో ఒక్కదానిలోనే లేదు. పడమటి కనుమల చాటున ఉండటం వల్ల నైరుతి ఋతుపవనాలు ఇక్కడికి చేరేసరికి బలం తగ్గుతాయి, ఈశాన్య ఋతుపవనాలు తూర్పు తీరం నుంచి ఇంత లోపలికి వచ్చేసరికి పలచబడతాయి, పడిన వాన కూడా అదనుకు పడక వేరుశనగ పూతకు వచ్చే వేళ ముఖం చాటేస్తుంది. వక్త ఈ సంగతి చెప్పి ఉంటే రెండో స్థానం ఊసే అక్కర లేకపోయేది. ఉద్దేశం మంచిదైనంత మాత్రాన దానికి తెచ్చిన ఆధారం మంచిది కాదు. ఒకరోజు ఎవరో ఆ లెక్క తప్పని చూపిస్తే మిగతా నిజాలను కూడా జనం నమ్మరు. ఈ కారణంగానే మన పక్షాన ఉన్నవారి మాటలను ఇంకా గట్టిగా పరీక్షించాలని నా అభిప్రాయం.

టెంకాయ సంగతికి వద్దాం. వందకు తొంభై అనగానే గొప్పగా వినిపిస్తుంది. ఆ వంద ఎవరు రాసిపెట్టారు? నీళ్లు పడినవారు పెద్దాయనకు శాలువా కప్పి పదిమందికి చెబుతారు, పడనివారు అప్పు తలచుకుని ఊరుకుంటారు. నీళ్లు పడటమంటే తడిమట్టి వచ్చినా చాలా, రెండించుల నీళ్లు వచ్చి మరుసటి ఎండాకాలం దాకా నిలవాలా? అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఏమిటంటే, అదే పొలాల్లో టెంకాయ లేకుండా వేసిన బోర్లలో ఎన్నిటికి నీళ్లు పడ్డాయి? ఈ రెండో అంకె లేకుండా మొదటి అంకెకు విలువ కట్టలేం. మన గట్టి రాతి నేలల్లో నీళ్లు పైనున్న శిథిల రాతి పొరలోనూ దాని కింది పగుళ్లలోనూ ఉంటాయి; నలభై ఏళ్లుగా వంకలనూ చెట్లనూ చూస్తున్న మనిషి కళ్లకు ఆ జాడలు తెలిసి ఉండవచ్చు. అప్పుడు మెచ్చుకోవలసింది ఆయన అనుభవాన్ని, టెంకాయను కాదు.

ఈ రెంటినీ విడదీసి చూసే ప్రయత్నం 1987, 1988లలో జర్మనీలోని మ్యూనిక్ దగ్గర జరిగింది. నీటి జాడ చెప్పగలమన్న సుమారు 500 మంది నుంచి 43 మందిని ఎంచి, ఒక కొట్టంలో కింది అంతస్తులో నీటి గొట్టాన్ని చోటు మారుస్తూ, అది ఎక్కడుందో పై అంతస్తు నుంచి చెప్పమన్నారు. మొత్తం 843 సార్లు పరీక్షించారు. కొద్దిమందికి ఆ శక్తి ఉందని పరీక్ష జరిపినవారు ప్రకటించారు; అవే అంకెలను తరువాత జిమ్ ఎన్‌రైట్ అనే శాస్త్రవేత్త మళ్లీ విశ్లేషించి, గుడ్డిగా ఊహించినా ఇంచుమించు అంతే వచ్చేదని తేల్చారు.

చెక్‌డ్యామ్ మాట వీటికన్నా నమ్మదగినదే, ఎందుకంటే నిలిచిన నీరు భూమిలోకి ఇంకుతుందన్నది తెలిసిన విషయం. అయితే 2021 నవంబరులో చిత్రావతి పొంగేంత వాన కురిసింది. కట్ట వల్ల ఎంత, వాన వల్ల ఎంత అన్నది కట్ట లేని పొరుగూరి బోర్లను అదే కాలంలో చూస్తే తప్ప తెలియదు. భూగర్భజల శాఖ పరిశీలక బావుల నీటిమట్టాలను నెలనెలా నమోదు చేస్తుంది కనుక ఈ పోలిక మీ విద్యార్థులతోనే చేయించవచ్చు.

ప్రశ్న: సభలో పెద్దవారు మాట్లాడుతుంటే ఆధారం అడగడం అమర్యాద కాదా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, అనంతపురం

జవాబు: ‘మీరు చెప్పింది తప్పు’ అంటే ఆయనకు నొప్పి కలుగుతుంది. ‘సార్, ఆ లెక్క ఎక్కడ దొరుకుతుందో చెబితే మేమూ చదువుకుంటాం’ అంటే మర్యాద తప్పదు, అడగవలసింది కూడా అడిగినట్టవుతుంది. తెలిసి చెప్పినవారు వెంటనే చోటు చెబుతారు, లేదా చూసి చెబుతామంటారు. కోప్పడినంత మాత్రాన ఆ మాట అబద్ధమని మీరు తీర్మానించకండి; ఆధారం ఇంకా చేతికి రాలేదని మాత్రం రాసుకోండి.