నల్లగొండకు రైలు లేని రోజులు

నల్లగొండ

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి బస్సులో, రెండోసారి ఇంట్లో పెన్సిలు పట్టుకుని. 1915లోనే ఒట్టోమన్ సామ్రాజ్యం కూలిపోతే మన పానగల్లులో ఒక ఇంటికి ఏమవుతుందన్న ఊహ నచ్చింది. కూల్చిన తీరు నచ్చలేదు. ‘ఒక్క రాత్రిలో సుల్తాను పారిపోయాడు’ అన్నావు. ఎందుకు పారిపోయాడు? ఎంత నానిన మట్టిగోడైనా పడే ముందు ఎక్కడో ఒక రాయి కదలాలి.

ఆ రాయి చరిత్రలోనే ఉంది. 1915 మార్చి 8 తెల్లవారుజామున నుస్రత్ అనే చిన్న ఒట్టోమన్ ఓడ, ఇస్తాంబుల్‌కు దారి అయిన డార్డనెల్స్ జలసంధిలో 26 మందుపాతరలు వదిలి వెళ్లింది, అదీ అడ్డంగా కాదు, ఒడ్డు వెంబడి. పది రోజుల తరువాత వెనక్కు తిరుగుతున్న ఫ్రెంచి యుద్ధనౌక బూవే ఆ వరుసలో చిక్కి, ఆరువందల మందికి పైగా ఉండగానే రెండు మూడు నిమిషాల్లో మునిగిపోయింది. రెండు బ్రిటిష్ నౌకలూ పోయాయి, ఇస్తాంబుల్ మీదికి బయలుదేరిన నౌకాదాడి ఆగిపోయింది. నీ కథలో ఆ రాత్రి నుస్రత్ ఇంజను మొరాయించిందనుకో. అంతకు మించి ఏదీ మార్చకు.

ఇక మన ఊరు. వార్త మర్నాడే రైల్లో నల్లగొండ స్టేషనుకు వచ్చిందని రాశావు. అప్పుడు మనకు రైలెక్కడిది? భువనగిరిలో దిగి బండి కట్టించుకోవాలి. వార్త ఆ బండిలోనే రావాలి, ఆలస్యంగా, సగం తప్పుగా. పట్వారీ ఆ ఏడాదిని నిజాం రెవెన్యూ లెక్కలో ఫసలీ 1324 అని రాసుకుంటాడు. ముస్లింలకు ఖలీఫా కూడా అయిన ఆ సుల్తాను జిహాద్ ప్రకటించినా నిజాం మాత్రం బ్రిటిష్ వారి పక్షమే నిలవమన్నాడు. ఇప్పుడా ఖలీఫా పీఠమే కదిలిందంటే లతీఫ్ సాహెబ్ గుట్ట కింద కూర్చునే ముసలాయన ఏమంటాడు? ఆయన్ను ఒక్క వాక్యంలో దాటేశావు. నాకైతే ఆయన మాటే వినాలని ఉంది.

తుర్కీ పోయినా జర్మనీ ఉంది కనుక యుద్ధం ఆగదు. హైదరాబాదు లాన్సర్ల గుర్రపు దళంతో ఈజిప్టు వెళ్లిన నీ సైసును, అదే గుర్రాలు చూసుకునేవాణ్ణి, ఫ్రాన్సుకూ పంపవచ్చు, ఇంటికీ పంపవచ్చు. ఇంటికే పంపావు, సరే. కానీ వాళ్లమ్మ చేత ‘లేకుంటే ఇంకో మూడేళ్లు ఎడారిలోనే ఉండేవాడు’ అనిపించావు. ఆమెకెలా తెలుసు? ఆ దళం 1918 దాకా అటే ఉండిపోయిన చరిత్ర నీకూ నాకూ తెలిసింది, ఆమె బతికిన చరిత్ర కాదు. ఆ మాట కొట్టేశాను.

తల్లీకొడుకులు కౌగిలించుకుని ఏడవడంతో కథ ముగించడం తొందరపాటు. అతను పంపే పైకం ఇక రాదు కదా? ఆ పైకం చూసుకునే ఆమె హాలీ సిక్కాలు, అంటే నిజాం రూపాయలు, అప్పు చేసి ఒక బర్రెను కొన్నదనుకో. కొడుకు గడపలో నిలబడ్డాడు. బర్రె కొట్టంలో అరుస్తోంది. షావుకారు అప్పటికే అరుగెక్కి కూర్చున్నాడు. అక్కడి నుంచి రాసి, దసరా లోపు పంపు.

నీ
అన్న