పాల ప్యాకెట్ పట్టుకుని నిలబడిపోయే తమ్ముడు

ప్రశ్న: మా తమ్ముడికి 32 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఆటిజం ఉందని మూడేళ్ల కిందట తేలింది. ఐదు నెలలుగా ఆఫీసు నుంచి రాగానే గదిలోకి వెళ్లిపోతున్నాడు. కుక్కర్ విజిల్ వేస్తే చెవులు మూసుకుంటున్నాడు. రోజూ కాఫీ తనే కలుపుకునేవాడు, ఇప్పుడు పాల ప్యాకెట్ పట్టుకుని పొయ్యి ముందు అలాగే నిలబడిపోతున్నాడు. అమ్మ బద్ధకమంటోంది, నాకు డిప్రెషనేమోనని భయం.
– ఒక సోదరి, హైదరాబాద్

జవాబు: పాల ప్యాకెట్ గురించి మీరు రాసిన వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఏళ్ల తరబడి అలవాటుగా చేసిన పని ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనంత బరువైందంటే, దానికి బద్ధకమని పేరు పెట్టడం అన్యాయం. 2020లో అమెరికాలో డోరా రేమేకర్ బృందం, ఆటిజం ఉన్న పెద్దలు తమ గురించి చెప్పుకున్న మాటల ఆధారంగా ఆటిస్టిక్ బర్నవుట్‌ను నిర్వచించింది. సాధారణంగా మూడు నెలలకు పైగా వదలని నిస్సత్తువ, వచ్చిన పనులు చేతకాకపోవడం, శబ్దాన్నీ వెలుతురునూ తట్టుకోలేకపోవడం దాని లక్షణాలు. నలుగురిలో ఒకరిలా కనిపించడానికి కళ్లలోకి చూసి మాట్లాడటం, నవ్వాల్సిన చోట నవ్వడం వంటివి రోజంతా తెచ్చిపెట్టుకుని చేయవలసి రావడం ఇందుకు ఒక ముఖ్య కారణం.

ఉత్తరం చదివి నేను నిర్ధారణ చేయకూడదు. పైగా వైద్యుల జాబితాల్లో దీనికి విడిగా పేరు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11లో ఉన్న బర్నవుట్ ఉద్యోగానికి మాత్రమే సంబంధించినది కనుక, ఆఫీసు అలసటను కొలిచే ప్రశ్నావళి మీ వంటింట్లో జరుగుతున్నదాన్ని పట్టుకోలేదు. అందుకే ఏడాది కిందట తను ఏమేం చేసుకునేవాడో, ఇప్పుడు వాటిలో ఏవి ఆగిపోయాయో ఒక కాగితం మీద రాసి, ఆటిజం ఉన్న పెద్దలను చూసిన అనుభవం గల సైకియాట్రిస్టుకు ఇవ్వండి. థైరాయిడ్, బీ12, హిమోగ్లోబిన్ పరీక్షలు, నిద్ర సంగతి కూడా చూడాలి.

మీ భయాన్ని నేను కొట్టిపారేయను, ఎందుకంటే డిప్రెషన్, బర్నవుట్ రెండూ కలిసి ఉండవచ్చు. తనకు ఇష్టమైన విషయాల మీద ఆసక్తి మిగిలి ఉండి ఓపిక మాత్రమే లేకపోతే, ఒంటరిగా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు కాస్త తేరుకుంటూ ఉంటే, బర్నవుట్ వైపు ఎక్కువ అనుమానించాలి. ఈ తేడా తెలియడం అవసరం, ఎందుకంటే డిప్రెషన్‌లో ఉన్నవారికి మేలు చేసే "నలుగురిలో తిప్పండి" అన్న సలహా, బర్నవుట్‌లో ఉన్న మనిషిని ఇంకా కుంగదీయవచ్చు.

"ఎలా ఉన్నావు?" అని అడిగితే జవాబు రాకపోవచ్చు, ఆటిజం ఉన్న చాలామందికి తమ మనఃస్థితికి పేరు పెట్టడం కష్టం. "స్నానం కష్టమా, వంట చప్పుడు కష్టమా?" అని వాట్సాప్‌లో అడగండి, తీరిక చూసుకుని రాస్తాడు. చనిపోవాలనిపిస్తోందా అన్న ప్రశ్నను మాత్రం వాయిదా వేయకుండా సూటిగా, నెమ్మదిగా అడగండి. అవునంటే ఒంటరిగా వదలకుండా అదే రోజు వైద్యుని దగ్గరకు తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరులో రాత్రింబవళ్లు తెలుగులో మాట్లాడేవారు ఉంటారు.

ఉద్యోగం మానేయాలా అన్నది ఇప్పుడే తేల్చకండి. ముందు సెలవు, ఇంటి నుంచి పని, తక్కువ మీటింగులు అడిగి చూడవచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది, ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానం ప్రకటించాలని ఆ చట్టమే చెబుతోంది.

అమ్మగారికి ఈ జవాబు చదివి వినిపించండి. కొన్నాళ్లు తను ఇంట్లో లేని వేళల్లో కుక్కర్ పెట్టుకోమనండి. రేపు పొద్దున కాఫీ మీరే కలిపి, ఏమీ అడగకుండా తన గది బల్ల మీద పెట్టి రండి.