చమురు పడిన నేలను బాగుచేసే చదువుకు ఉద్యోగం ఉందా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి ఏడాదిలో ఉంది. ముడి చమురు పడి పాడైన నేలను బ్యాక్టీరియాతో బాగుచేసే పని నేర్చుకుంటానంటోంది. బంధువులేమో బీఈడీ చేయించమంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి

జవాబు: ఉద్యోగాలు ఉన్నాయండీ. కాకపోతే ‘బయోరెమిడియేషన్’ (సూక్ష్మజీవులతో కాలుష్యాన్ని బాగుచేయడం) పేరుతో ప్రకటన పడటం అరుదు. చమురు సంస్థల కాంట్రాక్టు పనులు చేసే కంపెనీల్లో, పర్యావరణ కన్సల్టెన్సీల్లో, మట్టి, నీరు పరీక్షించే ల్యాబుల్లో ఈ పని కలిసిపోయి ఉంటుంది. చమురు మడ్డి ప్రమాదకర వ్యర్థం. 2016 నిబంధనల ప్రకారం దాన్ని ఎక్కడపడితే అక్కడ పారబోయడానికి వీల్లేదు. ఎవరో ఒకరు దాని సంగతి చూడాల్సిందే.

టెరి అనే ఇంధన, పర్యావరణ పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త బన్వారీ లాల్ బృందం ‘ఆయిల్‌జాపర్’ అనే బ్యాక్టీరియా మిశ్రమం తయారుచేసింది. 2007లో ఓఎన్‌జీసీ, టెరి కలిసి ఓటీబీఎల్ అనే కంపెనీ పెట్టాయి. చమురు మడ్డి మీద, చమురు పడిన నేలల మీద ఈ పద్ధతి వాడటమే దాని పని. గుజరాత్, అస్సాం చమురు క్షేత్రాల్లో దీన్ని వాడారు.

అసలు పని ఎలా ఉంటుందో మీ అమ్మాయి ముందే తెలుసుకోవాలి. చమురు తినే సూక్ష్మజీవులు చాలా నేలల్లో సహజంగానే ఉంటాయి. చమురులో కార్బన్ పుష్కలం. వాటికి కరువయ్యేది నత్రజని, భాస్వరం, గాలి. అందుకే ఎరువు వేసి, తడి ఆరకుండా చూసి, మట్టిని మళ్లీ మళ్లీ దున్నుతారు. కోనసీమ రైతుకు ఇందులో కొత్తేముంది! 1989లో ఎక్సాన్ వాల్డీజ్ ఓడ చమురు అలాస్కా తీరాన్ని ముంచినప్పుడూ అక్కడి బ్యాక్టీరియాకు ఎరువే వేశారు.

చిక్కు కొలతల దగ్గర వస్తుంది. నైజీరియాలోని ఒగోనిలాండ్‌పై ఐరాస పర్యావరణ సంస్థ 2011లో ఇచ్చిన నివేదిక చూడమనండి. పైపొర మట్టిని దున్ని శుభ్రం చేశామన్న చోట్ల లోతున చమురు అలాగే ఉంది. కొన్నిచోట్ల 5 మీటర్ల కిందికీ దిగింది. చమురు ఎంత లోతుకు పోయింది, ఇంకా ఎంత మిగిలింది అని లెక్క తేల్చగలిగినవాళ్లకే ఈ రంగంలో గిరాకీ. బ్యాక్టీరియాను పెంచడం ఒక్కటే వస్తే చాలదు.

కాబట్టి నా ఓటు ఎమ్మెస్సీ మైక్రోబయాలజీకే, ప్రాజెక్టు మాత్రం మట్టి మీద చేయాలి. గ్యాస్ క్రోమటోగ్రఫీ (నమూనాలోని చమురు పదార్థాలను విడదీసి కొలిచే పరీక్ష) చేత్తో చేసి నేర్చుకోవాలి. ఏపీ పీజీసెట్‌తో పాటు గ్యాట్-బీ (బయోటెక్నాలజీ పీజీ కోర్సుల జాతీయ ప్రవేశ పరీక్ష) కూడా రాయించండి. ప్రాజెక్టుకు హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీని, పర్యావరణ పరిశోధన సంస్థ నీరి కేంద్రాన్ని అడగొచ్చు; సీటు దొరికిన వెంటనే మెయిల్ పెట్టడం మంచిది. ‘బయోరెమిడియేషన్ డిప్లొమా’ అంటూ ఆన్‌లైన్‌లో వేలకు వేలు అడిగే కోర్సులకు డబ్బు కట్టకండి.

ఒక్క విషయం ఇంట్లో తేల్చుకోండి. ఇది ఏసీ గది ఉద్యోగం కాదు. ఎండలో బూట్లు, హెల్మెట్ వేసుకుని మట్టి నమూనాలు తీయాలి, పోస్టింగ్ అస్సాంలోనూ పడొచ్చు. అందుకు ఆమె సిద్ధమైతే మీరు టెన్షన్ పడకండి. బీఈడీ ఎమ్మెస్సీ తర్వాతైనా చేసుకోవచ్చు.